గుంటలు కూడా అడిగిన ప్రోగ్రాం

2023. మహబూబాబాద్‌లో ఒక ప్రైవేటు కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో నేను ల్యాబ్ ఇన్‌స్ట్రక్టర్‌ని. ల్యాబ్ గోడకు ఒక కాగితం అంటించి ఉండేది: 'ప్రోగ్రాంలో ఇన్‌పుట్ వాడరాదు.' ఇన్‌పుట్ అంటే ప్రోగ్రాం మధ్యలో ఆగి, మనల్ని ఒక విలువ అడిగి, మనం కీబోర్డు మీద కొట్టింది తీసుకోవడం. ఎందుకు వాడకూడదని అడిగితే, 'మన సిస్టమ్స్‌లో పనిచేయదు' అనేవారు. ఆ కాగితం నేను చేరకముందు నుంచే ఉంది.

ఆ నియమాన్ని మీరింది జ్యోతి. గూడూరు దగ్గరి తండా నుంచి రోజూ బస్సులో వచ్చేది. మిరప తోట ఎంత ఉందో రైతునే అడిగి, ఎన్ని పంపుల, అంటే వీపుకు తగిలించుకునే స్ప్రేయర్ ట్యాంకుల, మందు కొట్టాలో చెప్పే ప్రోగ్రాం రాసింది. ఆ ప్రోగ్రాంనే నడిపి చూపించాల్సిన ప్రాక్టికల్ పరీక్ష మర్నాడే. అది పాసైతేనే సర్టిఫికెట్, సర్టిఫికెట్ చూపిస్తేనే హన్మకొండలో ఒక ఆఫీసువాళ్లు ఇస్తామన్న ఉద్యోగం.

ఎడిటర్‌లో, అంటే కోడ్ రాసుకునే సాఫ్ట్‌వేర్‌లోనే, ఆమె రన్ నొక్కింది. కింద ఫలితం కనిపించే ఔట్‌పుట్ ప్యానెల్‌లో 'ఎకరాలు?' అన్న ప్రశ్న ఇంగ్లిష్ అక్షరాల్లో వచ్చింది. 3 కొట్టింది. ఆ 3 ప్రశ్న పక్కన పడలేదు, పైన కోడ్ మధ్యలో పడింది. ఆపి మళ్లీ రన్ చేస్తే ఎర్రగా సింటాక్స్ ఎర్రర్, అంటే కోడ్ రాతలో తప్పు. సరిగ్గా అప్పుడే ఇన్‌చార్జి సారు వచ్చి వెనక నిలబడ్డారు.

"గోడ మీద రాసింది కనిపిస్తలేదా? మూడని అందుల్నే రాసెయ్. రన్ కొడితే జవాబొస్తది, పాసైతవు."

"గట్ల రాస్తే మా బాపు తోటకే జవాబొస్తది సార్. పక్క తోటోళ్లు అడిగితే ఏం చెప్పాలె?"

"పక్క తోటోళ్లు వస్తున్నరా రేపు పరీక్షకు?"

ల్యాబంతా నవ్వింది. జ్యోతి నవ్వలేదు. "వస్తలేరు సార్. కని నేను రాసింది గాళ్ల కోసమే."

సారు నా వైపు తిరిగారు. "తమ్మీ, గీ పిల్లకు జర సమజయ్యేటట్టు చెప్పు."

నేను ఆమె పక్కన కూర్చున్నాను, చెప్పడానికి కాదు. నాకు మూడు అనుమానాలు: కీబోర్డు, కోడ్, ఆ రెంటి మధ్య దారి. ఖాళీ ఫైల్ తెరిచి కొడితే అంకెలన్నీ పడ్డాయి. కీబోర్డు బాగుంది. కోడ్‌లో పొరపాటున పడిన 3 తీసేసి, అదే ఫైల్‌ని టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైప్ చేసే నల్ల తెరలో, నడిపాను. అడిగింది, కొట్టాను, లెక్క చెప్పింది. కోడ్ కూడా బాగుంది.

మిగిలింది దారి. ఆ ఔట్‌పుట్ ప్యానెల్ చూపించడానికే ఉంది. మనం కొట్టింది అక్కణ్నుంచి ప్రోగ్రాంకు చేరదు. సెట్టింగ్స్‌లో 'రన్ ఇన్ టెర్మినల్' దగ్గర టిక్ పెడితే, అదే రన్ బటన్ ప్రోగ్రాంని నల్ల తెరలో నడుపుతుంది. ఒక్క టిక్. అది వెతకడానికి బద్ధకించి ఇన్నేళ్లూ పిల్లల నోరు మూయించారు.

"అయితే నా ప్రోగ్రాం మంచిగనే ఉందా అన్నా?"

"మంచిగనే ఉంది. ఒక్క అక్షరం గూడ మార్చకు."

ల్యాబ్‌లో అన్ని సిస్టమ్స్‌కూ టిక్ పెడుతుంటే సారు అడ్డం వచ్చారు. "రేపు పరీక్ష పెట్టుకొని సెట్టింగులు ముడ్తవా? ఏమన్నా అయితే జిమ్మేదారి ఎవలది?"

"నాది సార్. పాత సెట్టింగుల మీద ఆమె ఫెయిలైతే జిమ్మేదారి ఎవలదో మీరు చెప్పుర్రి."

నేను ఆపలేదు.

మర్నాడు ఎగ్జామినర్ పక్కన నిలబడి రన్ చెయ్యమన్నారు. జ్యోతి రన్ నొక్కి, కీబోర్డు ఆయన ముందుకు జరిపింది. "మీరే కొట్టుర్రి సార్. మీ తోట ఎంతుంటే గంత."

ఆయన కీబోర్డు మీద చెయ్యి పెట్టారు. "మాది నెల్లికుదురు దిక్కు రెండెకరాల పది గుంటలు. ఎకరానికి నలభై గుంటలాయె, మీద గట్ల గుంటలుంటే నీ ప్రోగ్రాం ఏం చేస్తది?"

"కొట్టి చూడుర్రి సార్."

ఆయన 2 కొట్టారు. కింద రెండో ప్రశ్న వచ్చింది: 'గుంటలు?' ఆయన నవ్వేసి 10 కొట్టారు. జవాబు వచ్చింది. తర్వాత ఊరికే తమ్ముడి తోట లెక్క కూడా కొట్టి చూసుకున్నారు.

జ్యోతి పాసైంది. ఆ సాయంత్రం గోడ మీది కాగితం చింపేశాను. ఎవరు చింపారని సారు అడిగితే, నేనేనన్నాను.

ఇప్పుడు ఏ బ్యాచ్ వచ్చినా మొదటి రోజు నేను రాయించేది ఇన్‌పుట్ ఉన్న ప్రోగ్రామే. 'పనిచేయదు' అనే మాట మీద అక్కడితో ఆగిపోకూడదని జ్యోతి దగ్గరే నేర్చుకున్నాను. ఆ మాట ఎవరన్నా సరే, ఎక్కడ పనిచేయడం లేదో చూపించమని పక్కన కుర్చీ వేస్తాను.