నిండు తట్ట ఎత్తినట్టు

ఆ ఇంట్లో ఎండని మడతపెట్టి దాచేది పుష్పవతి.

వేసవి రాగానే పెరట్లో ఈతచాపలు పరుస్తుంది. మామిడి రసాలు పిండి, వడగట్టి, చాప మీద పల్చగా పోస్తుంది. అది ఆరాక దాని మీద ఇంకో పొర. ఏ రోజు ఎండ ఆ రోజు ఆ పొరలో ఇంకిపోతుంది. తాండ్ర కోసేటప్పుడు ముక్క అంచున ఆ రోజులన్నీ గీతలు గీతలుగా కనిపిస్తాయి ఆమెకి. గాలి వీచిన రోజు పొర సన్నం. మబ్బు పట్టిన రోజు పొర కాస్త నలుపు.

చాట్రాయి నుంచి రెడ్డిగూడెం కోడలిగా వచ్చిన మొదటి వేసవిలో ఆమె చేసిన తాండ్ర తిని, బావగారు బసవపున్నారావు, "బాగుందని చెప్పరా" అన్నారు తమ్ముడితో. గుమ్మం వెనక నిలబడి విన్నది. ఆ తర్వాత ముప్పై ఏళ్లూ వాళ్లిద్దరి మధ్య మాట అలా ఆమె భర్త నరసింహారావు మీదుగానే నడిచింది. "అన్నయ్య కాఫీ అడుగుతున్నాడు." "బావగారికి ఉప్పు సరిపోయిందేమో కనుక్కోండి." తోడికోడలు పోయాక బావగారు ఈ ఇంట్లోనే ఒక గదిలో ఉండిపోయారు. అప్పుడూ అంతే. మోకాళ్లు నొప్పులు పెడుతున్నా ఆయన ముందు పుష్పవతి కుర్చీలో కూర్చుని ఎరగదు. కూర్చోవద్దని ఎవరూ అనలేదు. కూర్చోమనీ అనలేదు.

ఈ ఏడు కోతలు మొదలుకాకముందు, ఊరి ఆరోగ్య కేంద్రం నర్సు జెరూషా డ్వాక్రా ఆడవాళ్లందరినీ మామిడికాయల షెడ్డులో కూర్చోబెట్టింది. ఆమె సంచిలోంచి ఒక రబ్బరు బొమ్మ తీసింది. తలా ఛాతీ తప్ప ఏమీ లేవు దానికి.

"అయ్యో, మిగతాది ఎక్కడ మర్చిపోయావమ్మా?" అంది అచ్చమ్మ. పుష్పవతి వాళ్ల తోటలోనే కాయలు మోస్తుంది ఆమె.

"బతకడానికి ఇది చాల్లే పెద్దమ్మా," అంది జెరూషా. "సరే చెప్పండి. ఎవరికైనా పొలమారితే ఏం చేస్తారు?"

"నడినెత్తిన తడతాం."

"ఎవరో తలుచుకుంటున్నారంటాం."

"నీళ్లు తాగిస్తాం."

"తలుచుకున్నవాళ్లొచ్చి గొంతులో ముక్క తీస్తారా?" అంది జెరూషా. షెడ్డంతా నవ్వు. ఆమె మాత్రం నవ్వలేదు. "దగ్గుతుంటే దగ్గనివ్వండి. తట్టొద్దు, నీళ్లు పొయ్యొద్దు. దగ్గు రాక, మాట రాక, గొంతు పట్టుకుని చూస్తున్నారంటే ఇక ఆగకూడదు. ఒకళ్లు 108కి ఫోన్ చెయ్యాలి. ఒకళ్లు మనిషిని ముందుకి వంచి, వీపు మీద రెండు రెక్కల మధ్య, మణికట్టు పక్కనుండే అరిచేతి గట్టి భాగంతో ఐదు దెబ్బలు గట్టిగా వెయ్యాలి. రాకపోతే వెనక నుంచి పట్టుకుని, బొడ్డుకి పైన పిడికిలి పెట్టి, లోపలికీ పైకీ ఐదుసార్లు లాగాలి. వచ్చేదాకా ఇవే మార్చి మార్చి. స్పృహ తప్పితే నేల మీద పడుకోబెట్టి, ఈ బొమ్మకి నొక్కినట్టు గుండె మీద నొక్కాలి."

జంటలు జంటలుగా పట్టు చూపించమంది, ఒట్టినే, నొక్కకుండా. పుష్పవతికి జంట అచ్చమ్మ. అచ్చమ్మ వెనక్కి వెళ్లింది గానీ ఆమె చేతులు గాలిలోనే ఆగిపోయాయి.

"అమ్మగారూ, మిమ్మల్నెట్టా పట్టుకోను?"

"ఊపిరాడక పోతుంటే నేనెవరో చూస్తావా? పట్టుకో!" అని కసిరింది పుష్పవతి.

అచ్చమ్మ పట్టుకుంది. చెమటా, మామిడి సొనా కలిసిన వాసన. ఇన్నేళ్లుగా ఒకే తోటలో తిరుగుతున్నా ఆ చేతులు తన ఒంటికి తగలడం అదే మొదటిసారని అప్పుడు తెలిసింది.

"ఓస్, ఇంతేనా?" అంది అచ్చమ్మ చెవి దగ్గర. "నిండు తట్టని పొట్టకి ఆనించుకుని పైకెత్తినట్టేగా!"

ఇంటికొచ్చే దారిలో పుష్పవతి మనసులో ఒక ప్రశ్న మిగిలింది. అందరి ముందూ అడగలేకపోయింది. మగవాళ్లకైతే? మగవాళ్లు కూడా కాదు. ఆ ఒక్కరికైతే?

వైశాఖంలో తాండ్ర తయారైంది. మొదటి ముక్కలు కోసి పళ్లెంలో పెట్టి భర్త చేతికిచ్చింది. వసారాలో బావగారు ఫోన్లో నూజివీడు దళారితో మాట్లాడుతున్నారు. ఆ మధ్యే కట్టించుకున్న పళ్లు ఇంకా నోటికి అలవాటు కాలేదు. పుష్పవతి ఎప్పటిలాగే గుమ్మం వెనక నిలబడింది, బాగుందంటారో లేదో విందామని.

"వానకి కాయ మచ్చ పడిందంటావేంటయ్యా, వాన ఎక్కడ పడింది, మీ ఇంట్లోనా?" అని నోట్లో తాండ్ర ముక్కతోనే నవ్వారు బావగారు. ఆ నవ్వు సగంలో తెగిపోయింది.

ఫోను కింద పడింది. ఆయన లేచి నిలబడ్డారు. రెండు చేతులూ గొంతు మీదకి వెళ్లాయి.

"ఎవరో తలుచుకుంటున్నారన్నయ్యా," అంటూ నరసింహారావు అన్న నెత్తి మీద తట్టాడు. మళ్లీ తట్టాడు. "నీళ్లు, నీళ్లు తే!"

దగ్గు లేదు. మాట లేదు. ఆ నిశ్శబ్దం గుమ్మం వెనక పుష్పవతి దాకా వచ్చింది. తను చేసిన తాండ్ర. తన ఎండ. ఒక్క అడుగు వెయ్యాలి. ఆ గడప అరచేతి ఎత్తు కూడా ఉండదు, రోజూ చీపురుతో దాటేదే. ఆయన అక్కడ ఉండగా మాత్రం ఎన్నడూ దాటలేదు. ఆయన కళ్లు పెద్దవవుతున్నాయి, పెదవుల రంగు మారుతోంది. ఆ కళ్లు ఆమెని చూశాయి. ఇన్నేళ్లలో నేరుగా చూడడం అదే మొదలు.

ఊపిరాడక పోతుంటే నేనెవరో చూస్తావా?

"నీళ్లొద్దు!" తన గొంతు అంత పెద్దదని ఆమెకే తెలియదు. "108కి చెయ్యండి!"

గడప దాటింది. ఎడమ చేత్తో ఆయన ఛాతీని ఆపి ముందుకి వంచింది. వీపు మీద కొట్టింది. పెద్దవాళ్ల వీపు, బావగారి వీపు. మొదటి దెబ్బ దండం పెట్టినట్టు పడింది, తక్కినవి దెబ్బల్లా పడ్డాయి. ముక్క రాలేదు. వెనక్కి వెళ్లి చేతులు చుట్టింది. పిడికిలి ఆనించింది, చెంప ఆయన చొక్కాకి తగిలింది. నిండు తట్ట. లోపలికీ పైకీ. ఇంకోసారి.

ఎర్రటి ముక్క ఒకటి గచ్చు మీద పడింది. వెనకే బొంగురుగా, పాత తలుపు తెరిచినట్టు, ఒక ఊపిరి.

ఆమె చేతులు వదిలేసి, పమిట సర్దుకుని, గుమ్మం లోపలికి వెళ్లిపోయింది. వంటింట్లో పీట మీద కూలబడింది.

నూజివీడు ఆసుపత్రిలో పిడికిలితో నొక్కిన చోట పొట్ట పరీక్ష చేసి, భయం లేదని పంపేశారు. తర్వాత రెండు రోజులు బావగారు మెత్తగా అన్నం తిన్నారు, తమ్ముడితో కూడా ఎక్కువ మాట్లాడలేదు. పుష్పవతి మనసు మనసులో లేదు. బతికించానన్న సంతోషం ఒక పక్క. పట్టుకోకూడని మనిషిని పట్టుకున్నానేమో, ఇక ఈ ఇంట్లో ఎలా మెలగాలో అన్న బెంగ ఒక పక్క.

మూడో రోజు పొద్దున్న చాప మీద కొత్త పొర పోస్తుంటే నీడ పడింది. బావగారు. చేతిలో ప్లాస్టిక్ కుర్చీ. దాన్ని చాప పక్కన పెట్టి, ఆయన నిలబడే ఉన్నారు, మామిడి చెట్ల వైపు చూస్తూ.

"అమ్మా," అన్నారు. మధ్యలో తమ్ముడు లేడు. "మొన్న నాకు కాబట్టి నువ్వొచ్చావు. రేపు నీకే అడ్డం పడితే? నేను నెత్తి మీద తడుతూ నిలబడాలా?"

రసం గిన్నె ఆమె చేతిలో ఆగిపోయింది. గుమ్మం కోసం వెనక్కి చూసింది. పెరట్లో గుమ్మం లేదు.

మోకాళ్లు నొప్పిగా ఉన్నాయి. కుర్చీ అంచున కూర్చుంది.

"కష్టమేం కాదు బావగారూ," అంది. "నిండు తట్ట ఎత్తినట్టే."