ఈడనే అన్న మాట

నా చిన్నప్పుడు మా సీమలో దూరం అడిగినవాడికి ఎవరూ దూరం చెప్పేవాళ్లు కాదు. ఈడనే, అంటే ఇదిగో ఇక్కడే, అనేవాళ్లు. మైలైనా ఈడనే, పది మైళ్లైనా ఈడనే. అలసిన మనిషికి ధైర్యం చెప్పడం మా వాళ్ల మర్యాద.

ఒక ఎండాకాలం మా అత్తకు కాన్పు కష్టమైందని కబురొస్తే మా జేజి, అంటే నాయనమ్మ, నన్ను వెంటబెట్టుకుని వేంపల్లె నుంచి అత్త వాళ్ల ఊరికి కాలినడకన బయలుదేరింది. మా దగ్గర నా భుజానికి తగిలించిన ఒక సొరబుర్రెడు నీళ్లే ఉన్నాయి. జేజి తాను గొంతు తడుపుకోకుండా వాటిని కాపాడుకుంటూ వస్తోంది. దారిలో ఎదురైన గొర్రెల కాపరిని ఊరెంత దూరమని అడిగాను.

"ఈడనేప్పా. ఆ గుట్ట దిగితే కుక్కలు అరిచేది వినపడ్తాది" అన్నాడు.

ఇంకేం, జేజి వెనకబడ్డప్పుడు నేను కడుపునిండా తాగి, మిగిలిన నీళ్లు కాలుతున్న కాళ్ల మీద పోసుకున్నాను. గుట్ట దిగాం. ఇంకో గుట్ట వచ్చింది. జేజి కళ్లు తిరిగి ఒక బండ పక్కన కూలబడింది. అవతల కూతురు బతికుందో లేదో తెలియదు, ఇవతల తాను లేవలేదు. నేను వెక్కి వెక్కి ఏడుస్తుంటే కొట్టలేదు, తిట్టలేదు.

"ఈడనే అన్నోడు నిలబడినోడు రా, నడిచేటోడు గాదు. ఆ మాట నమ్మగాకు. నువ్వూ ఎవురికీ చెప్పగాకు" అంది.

సాయంత్రం ఆ దారిన వచ్చిన ఎద్దులబండివాళ్లు మమ్మల్ని ఎక్కించుకున్నారు. అత్త బతికింది. అందుకే కాబోలు, ఆ మాటను నేను తేలిగ్గా మరిచిపోయాను.

మొన్నామధ్య, కర్నూలు ఆసుపత్రిలో ఉన్న మా చెల్లెలు నన్ను చూడాలంటోందని మేనకోడలు కబురు చేసింది. నేనుండేది కడపలో. ఫోనులో వెతికితే కడప విమానాశ్రయం నుంచి కర్నూలు విమానాశ్రయానికి గాలిలో దూరం ఎంతో, ప్రయాణం ఎంతసేపో కనిపించింది. అరగంట పైచిలుకు. అంతే కదా అని ఆ సాయంత్రం బస్సు వదిలేశాను. నిజం చెప్పాలంటే, మోకాళ్ల నొప్పులతో బస్సెక్కడానికి బద్ధకించాను. పొద్దున విమానాశ్రయానికి వెళితే వాకిట్లో కాపలా మనిషి నన్ను చూసి జాలిపడ్డాడు.

"లెక్కకు అరగంటే పెద్దాయనా. ఎగిరేదానికి విమానం ఉండల్ల గదా."

ఆ రెండు ఊళ్ల మధ్య విమానం తిరగడం లేదు.

కారు మాట్లాడుకుని బయలుదేరాను. మైదుకూరు ఇంకా రాకముందే మేనకోడలు ఫోన్ చేసింది. చెల్లెలికి మాట పడిపోతోందట, వాకిలి వైపే చూస్తోందట. యాడుండావు మామా అని అడిగింది. ఇంకా మైదుకూరైనా దాటలేదని చెప్పడానికి సిగ్గు అడ్డమొచ్చింది.

"ఈడనే తల్లీ, వచ్చేస్తాండా" అన్నాను.

నంద్యాల చేరేసరికి చెల్లెలు పోయిందని తెలిసింది.

ఆసుపత్రి వరండాలో మేనకోడలు నిష్ఠూరమేమీ ఆడలేదు. నా పక్కన కూర్చుని అంది:

"శానా దూరంలో ఉండానని చెప్పింటే ఫోను అమ్మ చెవి కాడ పెట్టేదాన్ని మామా. నువ్వే వస్తాండావు గదా అని పెట్టలేదు."

ఇప్పుడు దారిలో ఉండగా ఎవరు ఫోన్ చేసినా కిటికీలోంచి బోర్డు చూసి ఆ ఊరి పేరే చెబుతాను. ఇంకా చాలా దూరం ఉందంటాను. అవతలి గొంతు దిగులుపడుతుంది. పడనిస్తాను. చేరాక చెబుదామనుకున్న మాటేదో, అప్పుడే చెప్పేస్తాను.