మునిశంకర్ పట్టుకున్న దొంగ డబ్బా

మునిశంకర్ మా కోలారు గనుల చాంపియన్ రీఫ్స్ మనిషి. తాత చిత్తూరు పక్కనుంచి బంగారు గనికి వచ్చాడు, తండ్రి గని మూసేదాకా షాఫ్టులో దిగాడు, ఇతను మాత్రం పొద్దున్నే రైలెక్కి మాలూరులో బండి విడిభాగాలు చేసే ఫ్యాక్టరీకి పోతాడు. అక్కడి కంప్యూటర్లన్నీ ఇతని చేతి కిందివే. పంతొమ్మిదేళ్లుగా ఏ తీగ ఎటు పోతుందో ఇతనికి తప్ప ఇంకొకరికి తెలియదు. ఆ సంగతి ఇతనికీ తెలుసు. వచ్చిన చిక్కంతా అదే.

పోయిన ఏడు హెడ్డాఫీసు నుంచి ఆర్డరు వచ్చింది. కంప్యూటర్లు ఒకదాన్నొకటి కనుక్కునే పాత పద్ధతి, ఏఆర్‌పి, తీసేయాలి. ఎన్‌డిపి అనే కొత్త పద్ధతి పెట్టాలి. రోజూ అదే రైల్లో పోయే మేమడిగితే ఎంతో ఓపికగా చెప్పాడు.

"పాతది మన గని ఇండ్ల లైన్ల మాదిరి అప్పా. ఆంజనప్ప యాడ అని వీదిలో నిలబడి అరిస్తే అందురికీ వినిపిస్తాది, ఆంజనప్ప ఒకడే పలుకుతాడు. కొత్తదానికి అంత గలాటా లేదు. కావాల్సినోళ్ల వాకిట్లోనే మెల్లిగా పిలుస్తాది."

"మరి బయటికి పోయే దోవ ఎట్ల తెలుస్తాది?" అన్నాడు సీనప్ప. అతను అదే ఫ్యాక్టరీలో లోడింగు మేస్త్రి.

"దానికొక డబ్బా ఉంటాది. నేనే దోవ, నేనే దోవ అని చెప్తా ఉంటాది. తక్కినవన్నీ నమ్ముతాయి."

"ఎవురు చెప్పినా నమ్మేస్తాయా?"

"నేనుండంగా ఇంగెవురు చెప్తారప్పా!" అని మీసం దువ్వుకున్నాడు.

ఒక ఆదివారమంతా కూర్చుని మార్చాడు. సోమవారం పదింటికి సరుకు పంపే డిస్పాచిలో బిల్లులు ఆగిపోయాయి. బిల్లు లేనిదే లారీ గేటు దాటదు. డ్రైవర్లు దిగొచ్చి బిల్లుల హాలు తలుపు దగ్గర మూగారు. మేనేజరు సోమశేఖర్ వచ్చి నెత్తిన నిలబడ్డాడు. మునిశంకర్ చూస్తే, అసలు డబ్బాను వదిలేసి కంప్యూటర్లన్నీ ఏదో దొంగ డబ్బా మాట నమ్మి దారి తప్పుతున్నాయి.

అప్పుడు రత్న కంటబడింది. బంగారుపేట నుంచి వచ్చి బిల్లులు కొట్టే అమ్మాయి. కాంట్రాక్టు పని, నెలాఖరుకు రెన్యువలు. ఆమె ఫోను ఛార్జింగుకని కంప్యూటరుకు గుచ్చి ఉంది. అట్లా గుచ్చిన ఫోను కూడా నేనే దోవ అనగలదు.

"ఇదో, దొరికింది! ఫోన్ గుచ్చొద్దని ఎన్నితూర్లు చెప్పినాను? నీ వల్ల ఫ్యాక్టరీ అంతా నిలిచిపోయె గదమ్మా!"

హాల్లో పద్నాలుగు మంది తలలు తిరిగాయి.

"ఛార్జింగుకే అన్నా. ఇంగేం చేయలేదు."

"నీకేం తెలుసు, ఊరుకో!"

సంజాయిషీ రాసివ్వమని మేనేజరు అక్కడికక్కడే కాగితం చేతికిచ్చాడు. రత్న ఫోను పీకి సంచిలో వేసుకుంది.

ఫోను పీకినా బిల్లులు రాలేదు. అది గమనించనట్టే మునిశంకర్ దొంగ డబ్బా అడ్రసు తీసి, అది ఏ తీగ మీదుందో కనిపెట్టి, ఆ తీగ వెంట నడిచాడు. తీగ డిస్పాచి దాటింది, క్యాంటీను గోడ ఎక్కింది, స్టోరు పక్కన దిగి ఒక తలుపు కింద దూరింది. తలుపు తీస్తే తన గదే. తన బీరువానే. బీరువా వెనక, మ్యాచ్‌లు చూసుకోవడానికి తానే ఇంటినుంచి తెచ్చి పెట్టుకున్న చిన్న వైఫై డబ్బా. పాత పద్ధతిలో అది నేనే దోవ అనకుండా దాని నోరు ముందే కట్టేశాడు. కొత్త పద్ధతిలో దానికి మళ్లీ నోరొస్తుందని తోచలేదు.

గబుక్కున పీకి సంచిలో పెరుగన్నం గిన్నె కింద దూర్చాడు. బిల్లులు వచ్చేశాయి. మేనేజరు భుజం తట్టాడు. "సరిపోయింది సార్" అన్నాడు మునిశంకర్, ఏం సరిపోయిందో మాత్రం చెప్పలేదు.

సాయంత్రం రత్న ఎప్పటిలా మా పెట్టె ఎక్కలేదు, ఆడవాళ్ల పెట్టెకు పోయింది. "పాపం, ఆ పాప పని పోతాదేమో. ఫోను ఎంత పని చేసింది చూడు" అన్నాడు సీనప్ప. కిటికీ బయటి టేకల్ గుట్టలను ఆ రోజు మునిశంకర్ చూసినంత శ్రద్ధగా ఎవరూ చూసి ఉండరు.

మంగళవారం కూడా గుట్టలే చూశాడు. బుధవారం పొద్దున మాలూరు ప్లాట్‌ఫారం మీద రత్న ఒంటరిగా కనిపిస్తే, పక్కకు పోయి గొంతు తగ్గించి చెప్పాడు.

"అమ్మా, ఆ పొద్దు తప్పు నీది కాదు. నా డబ్బా వల్లే అయింది."

"నాకు తెలుసన్నా. ఫోను పీకినంక కూడా బిల్లు రాలేదు గదా." సంచి భుజానికి తగిలించుకుని, "తిట్టింది అందురి ముందర. ఇప్పుడు నా చెవిలో చెప్తే నేనేం చేసుకునేది?" అంది.

ఆ పొద్దునే మునిశంకర్ హాల్లోకి మేనేజరును పిలిపించి, డబ్బా బల్ల మీద పెట్టి, జరిగిందంతా చెప్పేశాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. సోమశేఖర్ అరవాల్సినంత అరిచి, రత్న సంజాయిషీ కాగితం చించి, ఇంకో తెల్ల కాగితం మునిశంకర్ ముందు పెట్టాడు. ఇంతటితో అయిపోయిందనుకుని ఇతను రత్న వైపు చూశాడు.

"లారీ డ్రైవర్లు కూడా ఉండిరి గదన్నా. వాళ్లు ఊరంతా చెప్పేసినారు. గేటు దగ్గిర టీ అంగడి సొన్నమ్మ, నువ్వేనా ఆ ఫోను పిల్ల అంటాది. వాళ్లకెవురు చెప్తారు?"

ఆ సాయంత్రం రత్న మా పెట్టెలోనే ఎక్కింది. మునిశంకర్ రాలేదు.

"మనోడు యాడమ్మా?" అన్నాడు సీనప్ప.

"గేటు కాడ నిలబడుకోని ఉండాడు. నలుగురు డ్రైవర్లకి చెప్పినాడు, సొన్నమ్మకీ చెప్పినాడు. ఆ పొద్దు ఉండిన హోసూరు లారీ ఒకటి ఇంగా రావాలంట."