పెరిజాత్ నడిపిన నోటీసు బోర్డు

పెరిజాత్‌కి నోరెక్కువని నరీన్ ఊరి బజారులో అందరికీ తెలుసు. తల్లి జుమాగుల్ అక్కడే పిండిలో మాంసం కూరి చుట్టిన సంసాలు తందూరులో కాల్చి అమ్మేది. కూతురు పదో తరగతి. లెక్కల్లో దానికి తిరుగులేదు. అయినా ఆ ఏడు లెక్కల పోటీకి వెళ్ళలేకపోయింది. పేరివ్వాల్సిన గడువు సంగతి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో వచ్చింది కానీ, పుట్టినరోజు శుభాకాంక్షల మధ్య, ఎవరిదో తప్పిపోయిన దూడ ఫోటోల కింద పడి ఎవరి కంటా పడలేదు.

అడగడానికి వెళితే ఉపప్రధానోపాధ్యాయురాలు సోనున్‌బుబు తల కూడా ఎత్తలేదు.

"చూసుకోవాలి కదా. ఇరవైనాలుగ్గంటలూ ఫోన్లలోనేగా ఉంటారు."

"దూడ తోక కింద వెతుక్కోవాలా ఎజే?" అంది పెరిజాత్. అక్కడ టీచరమ్మల్ని ఎజే అనే పిలుస్తారు.

ఆ కోపంలోనే బడి కబుర్లన్నీ ఒకచోట పెట్టే సైటు మొదలైంది. తోటి విద్యార్థి ఎర్మెక్‌కి కంప్యూటర్ పని కొంత తెలుసు. వ్యాయామం నేర్పే మాస్టారు, పిల్లలు తాలాయ్ అగాయ్ అని పిలిచే ఆయన, కంప్యూటర్ల గది తాళం ఇప్పించాడు. బొమ్మలొద్దంది పెరిజాత్, కొండమీది పల్లెల పిల్లలకు నెట్ సరిగా అందదని. తెల్లటి పేజీ, పైన ఇవాళ్టి కబురు, కింద పాతవి. అంతే.

మొదట్లో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. తర్వాత రాజధాని బిష్కెక్‌లో వక్తృత్వ పోటీ అని ఉపాధ్యాయుల గది పక్కన ఒక కాగితం అంటించారు. ఏటా ఆ కాగితం పిల్లలు చూసేలోపే సోనున్‌బుబు మేనకోడలి పేరు వెళ్ళిపోయేది. పెరిజాత్ దాన్ని సైటులో పెట్టేసింది. మర్నాడు పేర్లిస్తామంటూ పిల్లలు ఆఫీసు గుమ్మం దగ్గర గుంపుకట్టారు.

సోనున్‌బుబు పెరిజాత్‌ని గదిలో నిలబెట్టి జుమాగుల్‌ని పిలిపించింది. గోళ్ళలో పిండి ఆరకముందే పరుగెత్తుకొచ్చిందామె.

"బడి పేరు వాడుకోడానికి నీకెవరిచ్చారు హక్కు? ఇవాళే మూసెయ్యి. లేదంటే నీ ప్రవర్తన పత్రంలో ఏం రాయాలో నాకు తెలుసు."

"బడి పేరు తీసేస్తాను ఎజే. సైటు మాత్రం తియ్యను."

"రాయమంటావా?"

"రాయండి. మీ చెయ్యి, మీ కలం."

బయటికొచ్చాక జుమాగుల్ కూతురి మోచెయ్యి పట్టుకుంది. "నీకేం పోయేకాలమే? మూసెయ్యవే. రేపు కాలేజీలో ఎవరు చేర్చుకుంటారు నిన్ను?"

"చేర్చుకోకపోతే నీ పక్కన నిలబడి సంసాలు చుడతాను. నా గడువు పోయింది చాలు. ఇంకొకళ్ళది పోనివ్వను."

తల్లి చాలా రోజులు అదే మాట చెప్పి చూసింది. కూతురు దిగిరాలేదు.

సోనున్‌బుబు కాగితాలు అంటించడం మానేసి, తన బీరువాలో పెట్టి తాళం వేసింది. అప్పుడు ప్రతి తరగతిలో పిల్లలు చెవిన పడ్డదల్లా పెరిజాత్‌కి చేరవేశారు. పొరపాటు కబురు పెట్టకూడదని ఆమె ప్రతిదీ ఎవరో ఒక ఉపాధ్యాయుణ్ణి అడిగి తేల్చుకునేది. కొందరు విసుక్కున్నారు. తాలాయ్ అగాయ్ మాత్రం ఉదయం వరుసల్లో అందరి ముందూ, "ఫుట్‌బాల్ ఆట శనివారానికి మారింది. సైటులో పెట్టు పెరిజాత్," అన్నాడు. సోనున్‌బుబు పక్కనే ఉంది. ఆ తర్వాత మిగతా ఉపాధ్యాయులూ దాచుకోకుండా పంపడం మొదలుపెట్టారు.

వక్తృత్వ పోటీకి ఎంపిక ఈసారి అందరి ఎదుటా జరిగింది. నెగ్గింది మేనకోడలే. బాగా మాట్లాడింది. పెరిజాత్ చప్పట్లు కొట్టి, ఆ పేరే పేజీ పైన పెట్టింది.

బడిలో ఆఖరిదైన పదకొండో తరగతి అయ్యాక చేతికొచ్చిన ప్రవర్తన పత్రంలో "పెద్దల మాట వినదు" అని ఉంది. దాన్ని మడతపెట్టకుండా అట్టలో పెట్టుకుంది, కాలేజీ వాళ్ళు అడిగితే అలాగే చూపిస్తానని.

బడి వదిలే రోజు సోనున్‌బుబు మెట్ల దగ్గర ఆపింది.

"ఆ సైటు పాస్‌వర్డ్ నాకిచ్చి వెళ్ళు. ఇకనుంచి ఆఫీసు చూసుకుంటుంది."

"తొమ్మిదో తరగతి వాళ్ళకిచ్చేశాను ఎజే. అడిగి చూడండి. ఇవ్వరనుకుంటా."