ఇంగ్లండ్ దారిలో రివర్స్ గేరు

ఇందులో ప్రతి అక్షరమూ నిజమని మా అమ్మ మీద ఒట్టేసి చెబుతున్నాను.

ఎనభైల్లో అమెరికాలోని ఎడిసన్ నుంచి ఇంగ్లండ్ వెళ్లి, అద్దె కారులో పల్లెలు తిరిగాం. అమెరికాలో ఆటోమేటిక్ తప్ప నడపని నాకు అక్కడ గేర్ల కారు అంటగట్టారు. రెండు పక్కలా ముళ్లపొదలు, మధ్యలో ఒక్క కారు పట్టే దారి. ఎదురుగా ఒక ముసలి రైతు కారు వచ్చి ఆగింది. వెనక సీట్లో అమ్మకి అర్జెంటుగా బాత్రూమ్‌కి వెళ్లాలి. హారన్ మోగించాను. ఆయన నవ్వి, ఇంజను ఆపి, ఫ్లాస్కులోంచి టీ పోసుకుని, కప్పుతో సహా నా కిటికీ దగ్గరికి వచ్చాడు.

"తప్పుకునే చోటు ఎవరికి దగ్గరైతే వాళ్లు వెనక్కి వెళ్లడం ఇక్కడి పద్ధతి. అది మీ వెనకే ఉంది. తొందరేం లేదు," అన్నాడు.

"తొందరేం లేదట," అని అమ్మకి చెప్పాను.

"ఆయనకి లేదేమోరా, నాకుంది."

"రివర్స్ గేరు పడట్లేదని చెప్పేయండి, పరువు పోతే పోయింది," అంది మా ఆవిడ.

పళ్లు కొరుక్కుంటూ ఒక్క ఊపులో కారు వెనక్కి తీశాను. "చల్లగా ఉండు నాయనా," అంది అమ్మ.

ఇక నేను కల్పించింది ఆ చివరి ముక్కే. నిజానికి మా కారులో కూర్చుని వెనక్కి తీసింది ఆ రైతు. నేను ముళ్లపొదకి ఆనుకుని ఆయన టీ కప్పు పట్టుకున్నాను. అమ్మ చల్లగా ఉండమన్నదీ ఆయన్నే.