చేపు

పాలుండటం వేరు, చేపడం వేరు. టేకులపల్లి పక్కన మా ఊళ్ళో బర్రె ఉన్న ఏ ఇల్లాలినడిగినా చెబుతుంది. దూడ వచ్చి పొదుగు పొడిస్తే గాని పాలు దిగవు. ఆ దిగడాన్నే చేపడం అంటారు. దీన్నే నేను కాలేజీలో జువాలజీ పాఠంగా చెప్పేదాన్ని. మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోన్ రక్తంలో బయలుదేరుతుంది. పాలగ్రంథి చుట్టూ ఉన్న కణాల పైపొరలో దానికోసమే రిసెప్టర్ కాచుకుని ఉంటుంది. రెండూ కలిస్తే లోపలి ప్రొటీన్లు ఒకదాన్నొకటి తట్టి లేపుతాయి, కణం బిగుస్తుంది, పాలు దిగుతాయి. పనయ్యాక ఇంకో ప్రొటీన్ వచ్చి రిసెప్టర్‌ను కప్పేస్తుంది. బోర్డు మీద ఎంత బాగా గీసేదాన్నో!

తొంభైల మొదట్లో నాకు నెలలు నిండకుండానే కొడుకు పుట్టాడు. ఖమ్మం దవాఖానాలో వాణ్ని పైన అద్దాల పెట్టెలో ఉంచారు, నన్ను కింది వార్డులో. రొమ్ములు రాళ్ళలా గట్టిపడ్డాయి గాని చుక్క రాలేదు. భయపడితే మెదడు ఆ హార్మోన్‌ను వదలదని నాకు తెలుసు. తెలిస్తే భయం పోతుందా?

మా అమ్మ పైకెళ్ళి వాడికి చుట్టిన గుడ్డ అడిగి తెచ్చింది.

"వాసన జూడు బిడ్డా. దూడ సచ్చినా తోలుల గడ్డి కుక్కి ముంగట వెడితే బర్రె చేపుతది."

"నా కొడుకు బతికే ఉన్నడు! నేనేమన్న బర్రెనా?" అని మీద పడ్డాను.

అమ్మ నాలుక కరుచుకుంది. గుడ్డ మాత్రం నా ఒళ్ళో పెట్టి పోయింది. ముక్కుకు ఆనించుకున్నాను. మందుల వాసన, దాని అడుగున వాడి వాసన. జాకెట్టు తడిసిపోయింది.

ఆ పాలు గిన్నెలో పిండి పైకి పంపేవాళ్ళం. ఒకరోజు పొద్దున గిన్నె నిండుగానే తిరిగొచ్చింది. వాడు పోయాడు.

పాలు పోలేదు. పాలు ఇంకిపోవాలని అమ్మ నా రొమ్ములకు మల్లెపూలు కట్టింది. ఆ కప్పేసే ప్రొటీన్ ఎప్పుడొస్తుందా అని చూశాను, రావద్దనీ కోరుకున్నాను. పాలున్నన్నాళ్ళూ నేను వాడి తల్లినే కదా.

తర్వాత టేకులపల్లి బస్సులో వెనక సీట్లో ఎవరి బిడ్డో ఏడ్చింది. నాకు పాలు చేపాయి. కొంగు కప్పుకునేలోపే పక్కనున్నామె చూసింది.

"బాలింతవా? పిల్లగాడేడి?"

"ఇంటికాడ ఉన్నడు," అన్నాను.

"అయ్యో, జల్దీ పోవాలె మరి. ఆకలికి ఏడుస్తుంటడు."

"అవ్," అన్నాను. బస్సు ఇంత మెల్లగా పోతోందేమిటని నిజంగానే విసుక్కున్నాను.