నీళ్ళల్లో బెల్లం

మా నాయనకి కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాక, వ్యాయామం చేయించడానికి ఒక అమ్మాయి ఇంటికి వచ్చేది. మొదటి రోజే ఆమెని గడప దగ్గర ఆపి అడిగాను: "మా నాయన మళ్ళీ నడుస్తాడా, నడవడా? ఒక్క మాటలో చెప్పు." నేను లెక్కల టీచర్ని. జవాబంటే ఒకటే ఉండాలి, కింద గీత గీసి చూపించేట్టు ఉండాలి. ఆ అమ్మాయి తమిళంలో "నడక్కుం మేడం" అని, చెప్పులు విడిచి లోపలికి పోయింది.

తమిళంలో ఒక పెద్దమనిషి నడుస్తాడని చెప్పాలంటే "నడప్పారు" అనాలి. "నడక్కుం" అంటే అది నడుస్తుంది అని ఒక అర్థం, జరుగుతుంది అని ఇంకో అర్థం. ఏది నడుస్తుంది? ఏం జరుగుతుంది? పుట్టినప్పటి నుంచీ రెండు భాషల మధ్య బతుకుతున్నదాన్ని, నాకే తల తిరిగింది. వెనకాలే వెళ్ళి గట్టిగా అడుగుదామనుకున్నాను. కోపం నాకు ముక్కు మీదే ఉంటుందని మా బడిలో పిల్లల్నడిగినా చెబుతారు. కానీ ఆ అమ్మాయి అప్పటికే నాయన కాలు పట్టుకుని మెల్లగా వంచుతోంది. ఊరుకున్నాను.

నాయన తిరుత్తణి పక్కన చెరుకు పండించిన మనిషి. జబ్బు చేశాక తిరువళ్ళూరులో నా దగ్గరికి తెచ్చుకున్నాను. రైలు స్టేషనుకి దగ్గర్లో చిన్న అద్దె ఇల్లు. ఇద్దరమే. నాకు పెళ్ళి కాలేదు, ఎందుకు కాలేదని అడిగినవాళ్ళు రెండోసారి అడగలేదు. హాల్లో మంచం వేస్తే నాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. వ్యాయామం చేయమంటే కళ్ళు మూసుకునేవాడు. మొదటి నెలల్లో కదలకపోతే తర్వాత కదలడం కష్టమని ఆ అమ్మాయి నాకు చాటుగా చెప్పింది. అప్పటి నుంచి నాకున్న భయం ఒక్కటే. ఈయన ఇట్లా గోడని చూస్తూ చూస్తూనే వెళ్ళిపోతాడని.

"కళ్ళెదురుగా ఏదైనా కదులుతా ఉంటే బాగుంటుంది, చేపలు పెట్టండి" అని ఆ అమ్మాయే అంది. ఆదివారం మద్రాసు పోయి కొళత్తూరు చేపల అంగళ్ళన్నీ తిరిగాను. ఒక అంగట్లో మూలన ఉన్న తొట్టిలో అది కనిపించింది. లేత గులాబీ రంగు ఒళ్ళు, మెడకి అటూ ఇటూ ఎర్రటి కుచ్చులు, రెప్పల్లేని కళ్ళు, ఎవరో చెప్పిన జోకు ఇంకా గుర్తున్నట్టు నవ్వు మొహం. ముందు కాలు ఒకటి లేదు.

"నడక్కుం మీను మేడం," అన్నాడు అంగడాయన. నడిచే చేప. నిజానికి చేప కాదట, కప్పల జాతట, పేరు ఆక్సొలోటల్ అట. తోటిది కాలు కొరికేసిందనీ, దీనికి పోయిన కాలు మళ్ళీ మొలుస్తుందనీ చెప్పాడు. నీళ్ళు చల్లగా ఉండాలని కూడా చాలాసార్లు చెప్పాడు. మా పిల్లలు నా పాఠం విన్నట్టు విన్నాను. నాకు చెవిన పడింది నడక్కుం అన్న ఒక్క మాటే.

ఇంటికి తెచ్చి మంచం పక్కన తొట్టి పెడితే నాయన మెడ మాత్రం తిప్పి చూశాడు.

"ఏందిమే ఇది? బల్లికి జడేసినట్టుండాది."

"కాలు పొయ్యిందంట నాయనా దీనికి. మళ్ళా మొలస్తాదంట."

"మొలస్తాదా? ఎవురు చెప్పినారు?" అని ఈసారి ఒళ్ళంతా ఇటు తిప్పడానికి చూశాడు. సాయం పట్టాను. చాలా రోజుల తర్వాత ఆయన మొహం నేరుగా చూశాను. ఆ సంబరంలో నోరు జారాను. "దానికే మొలస్తే నీకు రాదా నాయనా!" అన్నాను. అంటున్నప్పుడే తెలుసు, అది తప్పు లెక్క అని. బల్లికీ మనిషికీ త్రైరాశికం కట్టే టీచర్ని నేనొక్కదాన్నేనేమో. నాయన మళ్ళీ గోడవైపు మాత్రం తిరగలేదు.

వ్యాయామం అప్పటికీ సరిగ్గా చేసేవాడు కాదు. కానీ బడి నుంచి వచ్చేసరికి నాకు చెప్పడానికి ఒక కబురు ఉండేది. ఇవాళ మూలకి పొయ్యింది, ఇవాళ ఎర్రని, అదే వానపాముని, మింగింది, ఇవాళ నన్నే చూసింది. తెగిన చోట బియ్యపు గింజంత మొలక కనిపించినప్పుడు బడికి ఫోను చేయించాడు. పక్కింటామె ఫోను పట్టుకుంటే ఈయన కేకేశాడు, "మొలిసిందిమే!" అని. స్టాఫ్ రూములో అందరూ మా ఇంట్లో విత్తనాలేవో వేశామనుకున్నారు.

తర్వాత మే నెల కత్తిరి ఎండలు వచ్చాయి. ఆ రోజుల్లో తిరువళ్ళూరులో కొళాయి తిప్పితే టీ కాచుకోవచ్చు. సీసాల్లో నీళ్ళు గడ్డకట్టించి తొట్టిలో వేశాను, పైన ఫ్యాను పెట్టాను. గోరుచుట్టు మీద రోకటి పోటన్నట్టు కరెంటు పోయేది. ఒకరోజు చూస్తే దాని మెడ కుచ్చులు ముందుకి వంగిపోయి ఉన్నాయి. తోక కొన ముడుచుకుంది. కుచ్చుల మీద దూది అతికించినట్టు తెల్లటి బూజు. ఎర్రని ముక్కు దగ్గర పెట్టినా నోరు తెరవలేదు.

"అది తినిందా?" అన్నాడు నాయన.

"లేదు."

"అట్లయితే నాకూ వొద్దు."

కంచం అట్లాగే ఉండిపోయింది. అప్పుడు నాకు అర్థమైంది, మాటజారి నేను కట్టిన త్రైరాశికాన్ని ఈయన నిజంగానే నమ్ముతున్నాడని. అది పోతే ఈయన కూడా తన లెక్క తేలిపోయిందనుకుంటాడు.

మా ఊరి పశువుల డాక్టరు ఫోనులో ఓపిగ్గా విని, "పాలిస్తుందా?" అని అడిగాడు. చివరికి మద్రాసులో ఇలాంటివి చూసే డాక్టరమ్మ దొరికింది. ఫోనులోనే దాన్ని చూసి, తమిళంలో "భయపడకండి, ఫ్రిజ్‌లో పెట్టండి" అంది.

"చచ్చాక పెట్టడం తెలుసు మేడం. బతికున్నదాన్ని పెట్టడమేంటి?" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. మూతకి బెజ్జాలున్న డబ్బా, బ్లీచింగు వాసన పోయేలా ఒక రోజంతా నిలవుంచిన కొళాయి నీళ్ళు, ఆ నీళ్ళు కూడా ముందే ఫ్రిజ్‌లో చల్లబడి ఉండాలి, రోజూ మార్చాలి. పొద్దునా సాయంత్రం కాసేపు ఉప్పు నీళ్ళలో ఉంచి తీయాలి. చీకటి, చల్లదనం, నెమ్మది. దానికి మందు అదేనట. నెమ్మది అన్న మాట దగ్గర ఆవిడ కొంచెం ఆగింది. నా గొంతు విన్నవాళ్ళెవరైనా అక్కడ ఆగుతారు.

అట్లా మా ఫ్రిజ్‌లో దోశపిండికీ మల్లెపూలకీ మధ్య అది చేరింది. అదృష్టం, సెలవులు. రోజూ చేతులు కడుక్కుని, గిన్నెతోనే దాన్ని ఎత్తి, చల్లటి నీళ్ళలోకి మార్చేదాన్ని. చేత్తో ముట్టకూడదు, మన ఒంటి వేడి కూడా దానికి ఎక్కువ. ఫ్రిజ్ హాల్లోనే ఉండేది. జనం టీవీ చూసినట్టు నాయన రోజంతా దాని తలుపు చూస్తూ పడుకునేవాడు. పెరుగు కోసం తెరిచినా సరే అడిగేవాడు, "ఉండాదా?" అని. "ఉండాది" అనేదాన్ని.

ఒకరోజు బడిలో ఏదో పని పడి, బయట తాళం వేసుకుని పోయాను. ఆయన్ని ఒంటరిగా వదిలితే అట్లాగే చేసేదాన్ని. తిరిగొచ్చి నీళ్ళు మారుద్దామని డబ్బా తీశాను. నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. అది పక్కకి ఒరిగి తేలుతోంది. రక్తం కక్కిందనుకున్నాను. మూత తీస్తే వాసన వచ్చింది. బెల్లం వాసన.

"ఎవురేసినారు దీంట్లో బెల్లం?"

"నేనే ఏసినా," అన్నాడు నాయన, ఏదో మంచి పని చేసిన మొహంతో.

ఎందుకో నాకు చెప్పక్కర్లేదు. తిరువళ్ళూరు గుళ్ళో వెలసిన వీరరాఘవస్వామే వైద్యుడు. అమావాస్యకి ఎక్కడెక్కడి నుంచో జబ్బు మనుషులు వచ్చి ఆయన కోనేట్లో బెల్లం వేస్తారు. అది కరిగినట్టు రోగం కరగాలని. నాయన చెరుకు గానుగ ఆడించే రోజుల్లో ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా తన చేతి బెల్లం పట్టుకుని రైలెక్కి ఇక్కడికొచ్చేవాడు.

"దాన్ని కోనేటికి తీస్కపోలేము గదా," అన్నాడు. "అది ఉండేదే నీళ్ళల్లో. అందుకని దాని నీళ్ళల్లోనే ఏసినా. తిరుత్తణి సామికి కూడా మొక్కుకున్నా. రోగానికి ఈయన, మొక్కుకి ఆయన."

నేను అరిచాను. దాచుకోవడమెందుకు, వీధి చివరికి వినబడేట్టు అరిచాను. దానికి నీళ్ళే గాలి, నువ్వు దాని గాలిలో పాకం పోసినావు అన్నాను. దాన్ని గిన్నెలోకి తీశాను, మార్చాను, మళ్ళీ మార్చాను. చేతులు వాటి పని అవి చేస్తూనే ఉన్నాయి, నోరు దాని పని అది చేస్తూనే ఉంది. "డాక్టరమ్మ అంత చెప్పింది, నొక్కి నొక్కి చెప్పింది, నీకేమో పై అరలో బెల్లం డబ్బా కావాల్సొచ్చింది, అసలు వంటింట్లో ఉండే డబ్బా నీకు ఎవురు తెచ్చి..."

అక్కడ నా నోరు ఆగిపోయింది. బయట తాళం నేనే వేశాను. ఇంట్లో ఇంకెవరూ లేరు.

అప్పుడు చూశాను. వంటింటి గుమ్మం నుంచి ఫ్రిజ్ దాకా గోడ మీద నడుము ఎత్తున చీమల బారు. అక్కడక్కడా గుంపుగా ఆగి, మళ్ళీ ముందుకి పోతోంది. గుంపు ఆగిన ప్రతి చోటా బెల్లం అంటిన అరచెయ్యి అచ్చు ఉంది. ఎడమ చెయ్యి. ఫ్రిజ్ తలుపు మీద ఒకటి. అక్కడి నుంచి మంచం దాకా ఇంకొన్ని.

"నడిచినావా నాయనా?"

"లేకుంటే బెల్లం ఎగిరొచ్చిందా?" అన్నాడు.

నేను నేల మీద కూర్చుండిపోయి ఏడ్చాను. సంతోషమే. దానిలో భయం కూడా ఉంది, ఒడిలో గిన్నెలో అది ఇంకా ఒరిగే ఉంది. నన్ను నడిపించినదాన్ని నేనే చంపినానే అని ఈయన కుప్పకూలితే ఏం చెయ్యాలి? ఆ సాయంత్రం ఇద్దరం గిన్నె ముందు పెట్టుకుని కూర్చున్నాం. నేను అరవలేదు, ఆయన అడగలేదు. పొద్దు గూకేవేళకి అది మెల్లగా తిరిగి, అడుగున పొట్ట ఆనించుకుని, ఎప్పటి నవ్వుతో మమ్మల్ని చూసింది.

అది బతికింది. బూజు పొరలుగా రాలిపోయింది, ఒకరోజు వానపాము ముక్క మింగింది, నాయన కూడా అడిగి మరీ అన్నం పెట్టించుకున్నాడు. వానలు మొదలయ్యాక తొట్టిలోకి మార్చాను. అప్పటికి దానికి కొత్త కాలు, చివర బుల్లి బుల్లి వేళ్ళు. నాయన కూడా కర్ర పట్టుకుని వీధి గుమ్మం దాకా నడుస్తున్నాడు. చెయ్యి మాత్రం రాలేదు. ఆ అమ్మాయి ఈసారి సూటిగానే చెప్పింది, చెయ్యి ఇంతే కావచ్చునని.

అప్పటి నుంచి నాకు ఆ తొట్టి చూస్తే దిగులు. దాని కొత్త కాలు అద్దానికి ఆనించి నిలబడినప్పుడల్లా నేను అడ్డం నిలబడేదాన్ని. నాయన ఒంగి నా పక్క నుంచి చూసేవాడు.

మొక్కు తీర్చాలన్నాడు. కరెంటు రైలెక్కి తిరుత్తణి పోయాం. కొండ మీదికి ఆటో పోతుంది, కానీ ఈయన మెట్ల దగ్గరే దిగుతానన్నాడు. "సామికి కోపం తణిగి చల్లారిన కొండ ఇది," అన్నాడు నాకేసి చూసి. "చిన్నప్పటి నించీ నిన్ను ఎక్కిస్తానే ఉండా. ఏం లాభం?"

కొన్ని మెట్లెక్కి కూలబడ్డాడు. పక్కన నేను. పూల కావళ్ళు మోసుకుని మనుషులు మమ్మల్ని దాటి పోతున్నారు. ఇంక దాచలేక చెప్పేశాను. "దానికి మొలస్తే నీకూ వస్తాదని ఆ పొద్దు ఊరికే అన్నా నాయనా. దానికి మొలిసింది. నీకు..."

"నీకు పిచ్చిగాని," అన్నాడు. "దానికి ఎవురుండారు పాపా? కాలు పోతే అదే మొలిపించుకోవాల. నాకు నువ్వుండావు. నాకేల మొలస్తాది?"

మరి నాకెవరున్నారు అని నోటిదాకా వచ్చింది. నా నోటిదాకా వచ్చింది ఏదీ లోపల ఆగదు. ఆ రోజు ఆగింది. కావళ్ళ వైపు చూస్తూ కూర్చున్నాను. నాయన ఎడమ చేత్తో తన కుడి చెయ్యి ఎత్తి, తీసుకొచ్చి, నా భుజం మీద పెట్టాడు. బరువుగా ఉంది.

"లెయ్యి పాపా. ఇంగ రెండు మెట్లెక్కుదాం."

"ఎక్కగలవా?"

"నడక్కుం," అన్నాడు.

రెండింట్లో ఏ అర్థమని నేను అడగలేదు.